కాలరు మీద కుట్టు

ఫోటోలో ఉన్నది నేను కాదని వీసా కార్యాలయం వాళ్ళు నా దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఆ ఫోటోలో ఉన్నవాడికి నలభై ఏళ్ళుంటాయి. నుదుటి మీద ముడత లేదు, కళ్ళకింద సంచుల్లేవు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే గడ్డం మీద మిగిలిన గాటు కూడా లేదు. నాకప్పటికే అరవై ఎనిమిది. ఆ ముఖాన్ని నాకు ప్రసాదించిన మనిషిని ఊరంతా టచింగక్క అనేది. నాకంటే పాతికేళ్ళు చిన్నదైనా నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

"ఏంటమ్మా ఇది, నా ముఖం ఏదీ?" అని అడిగాను.

"అదే బాబాయ్ గారూ, కాస్త దుమ్ము దులిపానంతే" అంది.

ఆ దుమ్ము దులపడం వల్ల నాలుగు రోజులుందామని దిగిన ఊళ్ళో నాలుగు నెలలు ఉండిపోయాను. స్టూడియో పైన ఉన్న గది ఖాళీగా ఉంటే అందులో చేరాను. ఊళ్ళు తిరగడం నా జబ్బు. పుస్తకాలు చదవడం రెండో జబ్బు. చదివినదాంట్లో సగం మరిచిపోయాను, మిగతా సగం ఒకదాంతో ఒకటి కలిపేశాను. ఈవిడ గురించి మాత్రం ఏదీ కలపకుండా, ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను. ఎంతవరకు నిలబడతానో చూడాలి.

టచింగ్ అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. ఫిల్ము కాలంలో నెగెటివును గాజుబల్ల మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో భూతద్దంలో చూస్తూ ముఖాలు బాగుచేసేవారు. ముఖం మీద మచ్చ ఉంటే నెగెటివులో అది తెల్లటి చుక్కవుతుంది. ఆ చుక్కను పెన్సిలుతో నింపితే కాయితం మీద మచ్చ మాయం. అదే నల్లబట్టల మీద తెల్లమరక లాంటిదుంటే పెన్సిలు పనికిరాదు. ఫోటో కడిగాక కాయితం మీదే సన్నటి కుంచెతో నల్లసిరా అద్దాలి. ఈ పనిని ఆవిడ తండ్రి దగ్గర నేర్చుకుంది. తండ్రి ఫోటో తీసేవాడు, కూతురు ముఖాలు దిద్దేది. పదమూడో ఏట కూర్చున్న గాజుబల్ల ముందునుంచి ఆవిడ మళ్ళీ లేచినట్టు లేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయట. "ఒకాయన ఎదురుగా కూర్చుంటే ఆయన ముక్కుపక్కన పులిపిరి ఎలా తీసెయ్యాలా అని చూస్తూ కూర్చున్నా. ఆయన దాన్ని ప్రేమనుకున్నాడు" అని నవ్వేది.

స్టూడియోలో తలుపు వెనక మేకుకు ఒక నల్లకోటు వేలాడేది. నేను తిరిగిన ప్రతి దేశంలోనూ పాత స్టూడియోల్లో ఇలాంటి కోటు ఒకటి చూశాను. సొంత కోటు లేనివాడు ఫోటో కోసం అది తొడుక్కుంటాడు. లావుపాటివాడికీ సన్నటివాడికీ సరిపోయేలా వీపు మధ్యలో చీల్చి ఉంటుంది. సన్నటివాడైతే వెనకనుంచి బట్టల క్లిప్పులతో లాగి బిగిస్తారు. ముందునుంచి చూస్తే దొరబాబు, వెనకనుంచి చూస్తే ఆరేసిన బట్ట. ఆ ఊళ్ళో పెళ్ళిచూపులకైనా, ఉద్యోగాలకైనా, సైన్యంలో చేరడానికైనా మగవాళ్ళలో సగంమంది ఆ కోటులోనే ఫోటో దిగారు.

ఆ సగంమందిలో కొందరు యుద్ధంలో పోయారు.

నేను వెళ్ళేనాటికి యుద్ధం ముగిసి ఆరేళ్ళయింది. గోడల మీద తుపాకీ గుళ్ళ గుంటల్ని సిమెంటుతో పూడ్చారు గాని రంగు కలవలేదు. కాళ్ళు పోయినవాళ్ళకి చెక్కకాళ్ళు, లోహపు కాళ్ళు చేసిచ్చే చిన్న కర్మాగారం ఒకటి పాత గిడ్డంగిలో నడుస్తుండేది. దానికి చందాలు పోగుచెయ్యడానికి ఒక సాయంత్రం సభ పెట్టాలని, అందులో పోయినవాళ్ళ ఫోటోలు పాటతో కలిపి తెరమీద చూపించాలని ఒక సంఘం తీర్మానించింది. సంఘం పెద్ద పోస్టుమాస్టరు గారు. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఏ కాయితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చిరునామా చూసే మనిషి. ఆయన ఒక మధ్యాహ్నం ముప్ఫై ఏడు పేర్ల జాబితాతో స్టూడియోకి వచ్చాడు.

"అమ్మాయ్, స్లైడ్‌ షో నువ్వే చెయ్యాలి. ఊరందరి ముఖాలూ నీ చేతిలోంచి వెళ్ళినవేగా."

ఆవిడ కాదనలేదు. డబ్బు అడగలేదు. వాడిన కంప్యూటరొకటి కొనుక్కుని రెండేళ్ళుగా దానిమీద టచింగ్ నేర్చుకుంటోంది. మౌసును కూడా పెన్సిలు పట్టుకున్నట్టే మూడు వేళ్ళతో పట్టుకునేది.

పాట సంగీతం మాస్టారిది. మాటల్లేని వయొలిన్ పాట, సరిగ్గా నాలుగు నిమిషాలు. ఫోటో వచ్చినప్పుడల్లా మైకులో పేరు చదువుతానని పోస్టుమాస్టరు గారు పట్టుబట్టాడు.

"నా పాట మీద మీ గొంతు పడిందంటే వయొలిన్ చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోతా" అన్నాడు మాస్టారు.

"నా గొంతుకేమయిందయ్యా?"

"మీ గొంతుకేం కాలేదు. వినేవాళ్ళకే అవుతుంది."

చివరికి పేర్లు ఫోటో అడుగున అక్షరాల్లో మాత్రమే ఉండాలని, ఫోటోలు నడిచే నాలుగు నిమిషాలూ సభంతా లేచి నిలబడాలని రాజీ కుదిరింది. ఈ చిన్న తగాదాను ఊరికే చెప్పలేదు, తర్వాత పనికొస్తుంది.

టచింగక్క కాయితం మీద లెక్కేసింది. ఒక్కొక్కరికి ఆరు సెకన్లు. ముప్ఫై ఏడుమందికి రెండొందల ఇరవై రెండు. మొదట సభ పేరుకు ఆరు, చివర కర్మాగారం పేరుకు ఆరు. నాలుగు నిమిషాల పాటలో ఇంకో ఆరు సెకన్లు మిగిలాయి. ఆ కాయితాన్ని ఆవిడ చాలాసేపు చూసింది. లెక్క తప్పిందేమోనని చూస్తోందనుకున్నాను.

"ఒకరికి చోటుంది బాబాయ్ గారూ" అంది మెల్లగా.

ఆ ఒకరు ఆవిడ తమ్ముడు.

తమ్ముడు జాబితాలో లేడు. ఎందుకు లేడో ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు చెప్పింది మాత్రం ఆవిడే, ఏదీ దాచకుండా. యుద్ధం మూడో ఏట అతను మరో నలుగురితో కలిసి ఒక వంతెన దగ్గర కాపలా ఉన్నాడు. ఆ రాత్రి మేలుకోవలసిన వంతు అతనిది. అతను చూస్తున్నాడనే నమ్మకంతో నలుగురూ పడుకున్నారు. అతను తుపాకీని గోడకి ఆనించిపెట్టి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి ఆ నలుగురూ పడుకున్నచోటే పోయారు. నాలుగు రోజుల తర్వాత అతను ఒక కాలవ గట్టున దొరికాడు. ఒంటిమీద గాయం లేదు. జ్వరమో, చలో, మరేదో. కాళ్ళకి బూట్లు లేవు. ఇంకో పద్నాలుగు మైళ్ళు నడిస్తే ఇల్లొచ్చేది.

"పారిపోయాడు. నేను కాదనను" అంది టచింగక్క. "ముప్ఫై ఏడుమంది వరసలో మొదట పెట్టమనట్లేదు. పేరు ముందు ఏ బిరుదూ వద్దు. ఆరు సెకన్లు."

ఈ కోరిక మొదట పుట్టింది వాళ్ళమ్మకి. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాలు. గుండె బాగాలేదని డాక్టరు ఆపరేషనుకి ఒప్పుకోవడం లేదు. మనుషుల్ని ఆకారాలుగా, గొంతులుగా, వాసనలుగా గుర్తుపట్టేది. రోజంతా స్టూడియోలో ఫోటో దిగేవాళ్ళు కూర్చునే గుండ్రటి స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ పలకరించేది.

"ఏమయ్యా దేశదిమ్మరీ, ఇంకా వెళ్ళలేదా?"

"మీ అమ్మాయి నన్ను పడుచువాణ్ణి చేసి పారేసింది. ముసలాణ్ణయితే గాని పంపరట."

"దానికంత పొగరెందుకు? నన్నొక్కసారి పడుచుదాన్ని చెయ్యమను చూద్దాం."

స్లైడ్‌ షో సంగతి తెలిసినప్పటినుంచి ఆవిడ పోరు మొదలైంది. "వాడిదీ పెడుతున్నావుగా? అందరూ లేచి నిలబడతారటగా? వాడికోసం ఎవరూ లేవలేదే. తీసుకొచ్చిన రోజు మోసేవాళ్ళు కూడా రాలేదు, మీ నాన్నా నువ్వూ మోశారు. ఆరు సెకన్లు నిలబడితే వీళ్ళ కాళ్ళేమన్నా అరిగిపోతాయా?" కాసేపాగి తనే జవాబు చెప్పుకునేది. "భయపడ్డాడు. చిన్నప్పుడూ అంతేగా. దీపం ఆర్పితే చాలు, నా చెయ్యి వెతుక్కునేవాడు."

"పెడతానమ్మా" అంది టచింగక్క ఒకరోజు. అక్కడే పొరపాటు చేసింది.

ఊళ్ళో బేకరీ నడిపే ఆవిడ ఒకరుండేది. బేకరీ అత్త అనేవారు. వంతెన దగ్గర పోయిన నలుగురిలో ఒకడు ఆవిడ కొడుకు. ఒక్కడే కొడుకు. అతనూ టచింగక్క తమ్ముడూ ఒకే బల్ల మీద చదువుకున్నారు, ఒకే రోజు సైన్యంలో చేరారు. ఆ రోజుల్లో రెండిళ్ళ మధ్యా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవట. తల్లులిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. వంతెన తర్వాత బేకరీ అత్త ఆ ఇంటివాళ్ళతో ఒక్కమాట మాట్లాడలేదు. యుద్ధం చివరి నెలల్లో ఆవిడ వీధిమీద బాంబు పడి ఇల్లు కాలిపోయింది. దాంతోపాటు కొడుకు ఫోటోలన్నీ పోయాయి. అతని ముఖం మిగిలింది ఒక్కచోటే, టచింగక్క బీరువాలోని నెగెటివులో.

అందుకని ఆవిడ స్టూడియో మెట్లెక్కక తప్పలేదు. నేనప్పుడు అక్కడే పేపరు చదువుకుంటున్నాను. పిండి అంటిన చేతుల్ని తుడుచుకుంటూ లోపలికొచ్చింది. రెండడుగుల దూరంలో టచింగక్క కూర్చుని ఉంటే, అటు చూడకుండా నావైపు తిరిగింది.

"చూడండీ, మా అబ్బాయి ఫోటో కావాలని ఈవిడకి చెప్పండి."

అదృష్టవశాత్తూ ఇలాంటి దుబాసీ పని నాకు అలవాటే. ఒక ఇంట్లో భార్యాభర్తల మధ్య మూడు వారాలు చేశాను.

"ఫోటో కావాలట" అన్నాను.

"వెతికి ఉంచానని చెప్పండి బాబాయ్ గారూ" అంది టచింగక్క, ఫిల్ము పట్టీని వెలుతురు బల్లమీద పరుస్తూ.

అరచేతిలో సగమంత నెగెటివులు రెండు, ఒకే పట్టీ మీద పక్కపక్కన. రెండింట్లోనూ అదే కోటు. ఒకరు దిగి, విప్పి ఇచ్చి, రెండోవాడు తొడుక్కుని దిగినట్టున్నారు. బేకరీ అత్త వంగి భూతద్దంలో చూసింది. పక్కవాణ్ణి చూడకుండా బొటనవేలితో ఆ ముక్క మూసేసింది.

"ఇదేంటి, మచ్చ లేదేంటి?" అంది. కొడుకు ఎడమ చెంపమీద, కంటికిందుగా, పొయ్యిలోంచి రొట్టెల రేకు లాగుతూ కాలిన మచ్చ ఉండేదట. "నా కొడుకు మచ్చ ఏం చేసిందో అడగండి."

"అప్పుడు టచింగ్ చేశానని చెప్పండి. పెన్సిలు గీతే. స్పిరిటు పెట్టి తుడిస్తే మచ్చ మళ్ళీ వస్తుంది."

"తుడవమనండి. ఈసారి ఏమీ దిద్దొద్దని చెప్పండి. వాడెలా ఉన్నాడో అలాగే ఉండాలి. ఒక్క గీత పడకూడదు. బాగుచెయ్యొద్దు, అందం చెయ్యొద్దు, అసలు ముట్టుకోవద్దు."

"సరేనని చెప్పండి" అంది టచింగక్క. ఆగి, గొంతు సవరించుకుంది. "ఇంకోమాట కూడా చెప్పండి బాబాయ్ గారూ. పాటలో ఆరు సెకన్లు మిగిలాయి. ఆ పక్కనున్నవాణ్ణి..."

నేను చెప్పనక్కర్లేకపోయింది. బేకరీ అత్త నిటారుగా నిలబడింది. కోపంగా అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"నా కొడుకు వాణ్ణి నమ్మి పడుకున్నాడు" అంది. "వాడు తెరమీదికొస్తే నా కొడుకు రాడని చెప్పండి. పక్కపక్కన ఉండాల్సిన రోజున లేడుగా. ఇప్పుడెందుకు?"

వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, కాయితంలో చుట్టిన రొట్టెను నా ఒళ్ళో పెట్టింది. "మీకే" అంది నొక్కి. ఆ రొట్టెను మేం ముగ్గురం తిన్నాం. ముసలావిడ వాసన చూసి, "వదిన చేతి రొట్టె. మన ఇంటికెలా వచ్చింది?" అంది. టచింగక్క ఇంకో ముక్క తుంచి ఆవిడ చేతిలో పెట్టింది.

అప్పటికే స్లైడ్‌ షో దాదాపు తయారైంది. పోయిన తేదీల వరసలో ముప్ఫై ఏడుమందినీ పేర్చింది. వంతెన దగ్గరివాళ్ళు నలుగురూ ఒకచోట, వాళ్ళలో చివరివాడు బేకరీ అత్త కొడుకు. ఆ వెంటనే తమ్ముడు. మర్నాడు నేను మేడ దిగేసరికి టచింగక్క తమ్ముణ్ణి తీసేసింది. కానీ వెనకవాళ్ళని ముందుకి జరపలేదు. అతనున్న చోట తెర నల్లగా ఉండిపోయింది.

"జరపలేదేం?" అన్నాను.

"తీసేశానుగా. అది చాలదూ?" అంది. ఆవిడ నాతో విసురుగా మాట్లాడింది అదొక్కసారే.

తర్వాత దూదిని స్పిరిటులో ముంచి, బేకరీ అత్త కొడుకు చెంపమీద తొమ్మిదేళ్ళ కిందట తాను నింపిన పెన్సిలును తనే తుడిచింది. కంప్యూటరు తెరమీద ఆ కుర్రాడు మచ్చతో సహా తేలాడు. బతికున్నవాడి ముఖం. మచ్చ లేనప్పుడు అతను బొమ్మలా ఉన్నాడు, మచ్చతో మనిషయ్యాడు. ఈ మాటే ఆవిడతో అంటే, "మరి ముప్ఫై ఏళ్ళుగా నేనేం చేసినట్టు?" అంది.

అప్పుడు నాకు ఇంకోటి కనిపించింది. కోటు ఎడమ కాలరు మీద, రెండు వేళ్ళంత వెడల్పున, బూడిదరంగు దారంతో వేసిన కుట్టు. వంకరటింకరగా, చేపముల్లులా ఉంది. తలుపు వెనకనున్న కోటు దగ్గరికెళ్ళి చూశాను. అదే కుట్టు. నాలుగు నెలలుగా ఆ కోటును చూస్తున్నాను గాని గమనించలేదు.

"తమ్ముడి పనే" అంది. "పదహారేళ్ళప్పుడు కోటు ఇస్త్రీ చేస్తానని పెట్టె దానిమీదే వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు. నాన్న చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. అమ్మ కుట్టింది. అప్పటికే అమ్మకి చూపు తగ్గుతోంది, నల్లదారం అనుకుని బూడిదది ఎక్కించింది. బాగా కుట్టానా అని అడిగితే, బ్రహ్మాండంగా ఉందన్నాడు వాడు. నాన్నా నేనూ కూడా అదే అన్నాం. ఇక అప్పట్నుంచి ఆ కోటులో ఎవరు దిగినా, ఫోటో కడిగాక కుట్టుమీద సిరా అద్దడం నా పని."

జాబితాలో పందొమ్మిదిమంది ఆ కోటులో ఉన్నారు. వాళ్ళలో ఈ కుర్రాడు పోను పద్దెనిమిదిమందివీ ఇళ్ళలోంచి తెచ్చిన కాయితం ఫోటోలు, వాటిమీద కుట్టు ఎప్పుడో సిరాకింద కప్పబడిపోయింది. నెగెటివు నుంచి నేరుగా వచ్చినది ఈ ఒక్కటే. టచింగక్క మౌసును కాలరు దాకా తీసుకెళ్ళి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒక్క గీత పడకూడదందిగా" అంది.

సభకి వారం రోజులుంది. ఆ వారంలో ప్రతిరోజూ అమ్మకి నిజం చెబుతానని నాతో అనేది. ఒకరోజు అమ్మ నిద్రపోయింది. ఒకరోజు అమ్మకి ఆయాసం. ఒకరోజు చెప్పబోతుంటే అమ్మే అందుకుని, "మన వాడిది ఎన్నోది? నాకు కనిపించదుగా, వాడొచ్చినప్పుడు నా చెయ్యి నొక్కు" అంది. ఇక చెప్పలేకపోయింది. నన్ను చెప్పమంది. లోకమంతా తిరిగి ఎందరితోనో ఎన్నో మాట్లాడినవాణ్ణి, ఆ స్టూలు ముందు నిలబడి వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను.

సభ బడి హాల్లో, సాయంత్రం నాలుగింటికి. బయట ఎండ కాస్తుంటే కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ముందు వరస పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళకి. టచింగక్క కంప్యూటరు దగ్గర, హాలు వెనక ఉండాలి కాబట్టి ముసలావిణ్ణి నేను తీసుకెళ్ళాను. పెట్టె అడుగున దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని, దువ్విన తల మళ్ళీ దువ్వించుకుని వచ్చింది. ముందు వరసలోనే కూర్చుంటానంది. ఏ హక్కుతో అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ కూర్చోగానే పక్కనున్నవాళ్ళు మాత్రం మెల్లగా లేచి వేరే కుర్చీలు చూసుకున్నారు. నేను ఆవిడ వెనక రెండో వరసలో కూర్చున్నాను.

బేకరీ అత్త కొట్టు మూసి వచ్చేసరికి ఆలస్యమైంది. హాలు నిండిపోయింది, ముందు వరసలో ముసలావిడ పక్కన ఒక్క కుర్చీయే ఖాళీ. ఒక నిమిషం నిలబడి, ఇంకెక్కడా లేదని చూసుకుని, అందులో అంచుమీద కూర్చుంది.

"రొట్టెల వాసన" అంది ముసలావిడ అటు తిరిగి. "వదినా, నువ్వేనా?"

బేకరీ అత్త తెరవైపే చూస్తూ కూర్చుంది.

పోస్టుమాస్టరు గారు మైకు లేకుండానే మూడు మైకులంత గొంతుతో అందరినీ లేవమన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. ముసలావిడ కర్ర మీద ఆనుకుని లేచింది. వయొలిన్ మొదలైంది.

ముఖాలు ఒక్కొక్కటే గోడంత పెద్దవై వచ్చి వెళ్ళసాగాయి. ఎవరి ముఖం వస్తే ఆ మూలనుంచి చిన్న చప్పుడు, ఊపిరి ఆగినట్టు. నున్నటి నుదుళ్ళు, మచ్చల్లేని చెంపలు, సిరా అద్దిన నల్లకోట్లు. ముసలావిడ తెరవైపు గడ్డమెత్తి చూస్తోంది. కుడిచెయ్యి పక్కకి చాచి, నొక్కడానికి కూతురు వస్తుందేమోనని వేళ్ళు తెరిచి ఉంచింది. వెనక్కి తిరిగి చూశాను. టచింగక్క కంప్యూటరు వెలుగులో కదలకుండా ఉంది.

వంతెన దగ్గరివాళ్ళు వచ్చారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. నాలుగోవాడిగా బేకరీ అత్త కొడుకు వచ్చాడు, కంటికింద మచ్చతో. గోడమీద ఆ కాలరు తలుపంత ఉంది. నల్లటి నలుపులో బూడిదరంగు కుట్టు మనిషి చేయంత పొడుగున మెరిసింది.

"అదిగో!" అని కేక వేసింది ముసలావిడ. హాలంతా వినబడింది. "నా కుట్టు! అది నా కుట్టే! మా వాడే! వదినా, చూశావా, మా వాడొచ్చాడు!" చాచిన చెయ్యి గాలిలో వెతికి, పక్కనున్న చేతిని పట్టేసుకుంది. ఆ చెయ్యి బేకరీ అత్తది.

ముఖం మాయమై తెర నల్లబడింది.

వయొలిన్ సాగుతూనే ఉంది. దుప్పట్ల చీకట్లో మూడొందలమంది నిలబడి ఉన్నారు. ఎవరూ దగ్గలేదు. నాకు ఒకటి, రెండు అని లోపల లెక్క నడిచింది. వద్దన్నా ఆగలేదు. మూడు. బేకరీ అత్త ఆ చెయ్యి విదిలించుకుంటుందని ఎదురుచూశాను. విదిలించుకునే హక్కు ఆవిడకుంది. నాలుగు.

"అవునొదినా" అంది చీకట్లో. "మీవాడే."

తర్వాతి ముఖం వచ్చింది.

సభ అయ్యాక ముసలావిణ్ణి ఆపడం నావల్ల కాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతివాడి చెయ్యీ పట్టుకుంది. "చూశారా మా వాణ్ణి? అందరూ నిలబడ్డారు. నాకు ముఖం కనబడలేదు గాని కుట్టు కనబడింది." చూశామన్నారు. ఆరేళ్ళుగా ఆవిడ పక్కన కూర్చోనివాళ్ళు కూడా, చందా పెట్టె ముందు వరసలో నిలబడ్డవాళ్ళు కూడా, చూశామమ్మా అన్నారు. ఊరు మంచిదైపోయిందని కాదు. ఆ ముఖం ముందు నిలబడి ఇంకోమాట అనడం ఎవరికీ చేతకాలేదు.

నేను కిటికీల దుప్పట్లు విప్పుదామని లోపలికెళ్ళాను. హాలు ఖాళీ. బేకరీ అత్త ఇంకా ముందు వరసలోనే ఉంది. లేచి, కుర్చీల మధ్యనుంచి నడిచి టచింగక్క బల్ల దగ్గరికొచ్చింది. నావైపు చూడలేదు.

"అమ్మాయ్" అంది. "నావాణ్ణి నేను చూసుకోలేదు. ఇంకోసారి వెయ్యి."

టచింగక్క పాటను మొదట్నుంచి వెయ్యబోయింది. "అంతా అక్కర్లేదు. వాడొక్కడు చాలు" అంది అత్త. ముగ్గురం నిలబడ్డాం. మచ్చతో ఉన్న కుర్రాడు గోడమీదికొచ్చాడు, కాలరు మీద కుట్టుతో. ఆరు సెకన్లు చాలా తక్కువ. ఎంత తక్కువో నాకు అప్పుడే తెలిసింది. తెర నల్లబడింది. దాన్ని కూడా ఆవిడ కళ్ళార్పకుండా చూసింది.

"ఇక్కడేనా వాణ్ణి పెట్టింది?"

"ఇక్కడే. తీసేశాను అత్తా."

బేకరీ అత్త మెడచుట్టూ ఉన్న గుడ్డ సవరించుకుంది.

"మచ్చ బాగానే వచ్చింది" అంది.

"ఆ కుట్టు..." అని టచింగక్క ఆగింది. "ఇది ప్రతి ఏడూ వేస్తారట. కావాలంటే కుట్టు తీసేస్తాను. మీ అబ్బాయి మీద ఇంకెవరి గుర్తూ లేకుండా. ఐదు నిమిషాల పని."

"మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఉండనీ."

నాలుగడుగులేసి, వెనక్కి తిరగకుండా ఆగింది.

"ఆ చీకటి కూడా ఉంచుకో. వాణ్ణి మాత్రం పెట్టకు. నావల్ల కాదమ్మాయ్."

"పెట్టను అత్తా."

అత్త పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. టచింగక్క కంప్యూటరు ఆపి, తీగ చుట్టి, చుట్టినది విప్పి, మళ్ళీ చుట్టింది. నేను ఒక్కొక్క దుప్పటీ దించుతుంటే ఎండ ముక్కలు ముక్కలుగా లోపలికొచ్చి ఖాళీ కుర్చీల మీద పడింది. గుమ్మం బయటినుంచి ముసలావిడ గొంతు వినిపిస్తూనే ఉంది, ఎవరికో చెబుతోంది.

"దారం నల్లదే అనుకున్నా. తెరమీద చూస్తే బూడిదది! ఇన్నేళ్ళూ ఒక్కళ్ళు చెప్పలేదు నాకు. వాడైతే, బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాడు, వెధవ."